పక్కనున్న ఖాళీ కూడా ఆ స్థలంలో భాగమే

ప్రశ్న: వికలాంగులకూ, పసిపిల్లలతో వచ్చేవారికీ కేటాయించిన పార్కింగ్ స్థలాలు చాలాసేపు ఖాళీగానే ఉంటాయి కదా, డ్రైవరు కారులోనే కూర్చుని రెండు నిమిషాలు అక్కడ ఆపుకుంటే తప్పేమిటి? దుకాణాలు మూసే వేళ కూడా ఈ నియమం పాటించాలా?

మా అక్క వెన్నెముకకు దెబ్బ తగిలినప్పటి నుంచి వీల్‌చైర్ వాడుతోంది. యాక్సిలరేటరునూ బ్రేకునూ చేతులతోనే పనిచేయించేలా మార్పించుకున్న కారును తానే నడుపుతుంది. కనుక ఈ విషయంలో నన్ను తటస్థంగా ఉన్న మనిషిగా ఎవరూ భావించనక్కరలేదు. తప్పే, రెండు నిమిషాలైనా తప్పే, మూసే వేళలోనైనా తప్పే.

ఈ ప్రశ్న అడిగేవారిలో చాలామంది ఆ స్థలాన్ని ద్వారానికి దగ్గరగా ఉండే ఒక ప్రత్యేక మర్యాదగా చూస్తారు. దగ్గరగా ఉండడం గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ప్రాణావసరమే గాని, మా అక్కలాంటి వారికి అంతకంటే ముందు కావలసింది వెడల్పు. ఆమె కారెక్కాలంటే తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, వీల్‌చైర్‌ను సీటు పక్కకు తెచ్చి బ్రేకు వేయాలి, రెంటికీ మధ్య వంతెనలా ఒక బల్ల పెట్టుకుని చేతుల బలంతో సీటు మీదికి జరగాలి, కాళ్లను ఒక్కొక్కటిగా లోపలికి ఎత్తిపెట్టుకోవాలి, ఆ తర్వాత చక్రాలు ఊడదీసి వెనక సీటులో వేసి, మిగిలిన చట్రాన్ని తన ఒడి మీదుగా పక్క సీటులోకి లాక్కోవాలి. రెండు కార్ల నడుమ మామూలుగా ఉండే సందులో ఈ పనుల్లో మొదటిదే జరగదు. అమెరికాలో 2010 నాటి ప్రమాణాలు ఇలాంటి స్థలానికి 96 అంగుళాల వెడల్పు చాలని చెబుతూనే, దాని పక్కన కనీసం మరో 60 అంగుళాల ఖాళీని గుర్తు వేసి ఉంచమంటాయి. వీల్‌చైర్‌తో సహా ఎక్కించుకునే వ్యాన్లకైతే ఇంకా ఎక్కువ కావాలి. మన జాతీయ భవన నిర్మాణ స్మృతి 2005లోనే ఈ స్థలం 3.6 మీటర్లకు తగ్గకూడదనీ, భవన ద్వారానికి 30 మీటర్లకు మించి దూరంలో ఉండకూడదనీ చెప్పింది. స్థలం పక్కన అడ్డగీతలు గీసి వదిలే ఆ ఖాళీ పెయింటు మిగిలిపోయి గీసినది కాదు.

ఒక సాయంత్రం ఆసుపత్రిలో ఫిజియోథెరపీ ముగించుకుని మేమిద్దరం బయటికి వచ్చేసరికి, సరిగ్గా ఆ గీతల మీద ఎవరిదో కారు ఉంది. మా కారు డ్రైవరు వైపు తలుపును రెండు వేళ్ల మందం కూడా తెరవడానికి వీల్లేనంత దగ్గరగా దాన్ని ఆపారు. కాపలాదారు లౌడ్‌స్పీకరులో కారు నంబరు చదివించాడు గాని ఎవరూ రాలేదు. చివరికి నేను అవతలి తలుపు నుంచి దూరి, గేరు రాడ్డు మీదుగా డ్రైవరు సీటులోకి పాకి, కారును వెనక్కి తీసి, వాహనాలు వచ్చిపోయే దారి మధ్యలో నిలబెట్టాను. అక్క అక్కడే, వెనక ఆగిన కార్లన్నీ హారన్లు మోగిస్తూ ఉండగా, బల్ల వేసుకుని సీటులోకి జరగడం మొదలుపెట్టింది. తొందరపెడితే ఆ బల్ల జారుతుంది, జారితే ఆమె నేల మీద పడుతుంది, హారన్ కొట్టేవారికి ఆ సంగతి తెలిసే అవకాశం లేదు. ఆమె ఇంకా బల్ల మీద ఉండగానే ఆ కారు యజమాని వచ్చాడు. మందుల సంచీ పట్టుకున్న, చూడడానికి ఎంతో మర్యాదస్థుడు. "మీ స్థలంలో పెట్టలేదు కదండీ, ఆ వీల్‌చైర్ బొమ్మ ఉన్నచోటు వదిలేసి పక్కన ఖాళీగా ఉంటేనే పెట్టాను" అన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు. బొమ్మను తొక్కకుండా జాగ్రత్తపడ్డాడు కూడా. "తలుపు ఎటు తెరుచుకుంటుందో చూశారా బాబూ?" అని అక్క అడిగితే, అతడు కారును చూసి, గీతలను చూసి, సంచీని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. ఆ రోజు నేనున్నాను కాబట్టి సరిపోయింది. అక్క ఒంటరిగా వచ్చి ఉంటే, అతడి మందులు కొనడం పూర్తయ్యేదాకా తన కారు పక్కనే, తాను ఎక్కలేని కారు పక్కనే, కూర్చుని ఉండవలసి వచ్చేది.

ఇదే గీతల మీద సామాన్ల ట్రాలీలు వదిలిపోయేవారి గురించీ, కారు పట్టనిచోట బైకు పడుతుందిలే అని నిలిపేవారి గురించీ చెప్పడం మొదలుపెడితే ఈ సమాధానం ముగియదు. స్థలం చక్కగా గీసి, అక్కడి నుంచి కాలిబాట ఎక్కే ర్యాంపుకు మాత్రం పూలకుండీలు అడ్డం పెట్టే యాజమాన్యాలను నేను ఏ రోజూ క్షమించబోను.

ఇక "కారులోనే ఉన్నాను, ఎవరైనా వస్తే తీసేస్తాను" అనే వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఆ స్థలం కోసం వచ్చినవారు దూరం నుంచే అక్కడ కారుందని చూసి ముందుకు సాగిపోతారు. దిగి వచ్చి మీ అద్దం తట్టడం ఎవరికి కష్టమో వారికోసమే కదా ఆ స్థలం పెట్టింది. ఎవరూ రాలేదని మీరు నిజాయితీగానే నమ్ముతారు, ఎందుకంటే వచ్చి వెళ్లిపోయినవారు మీకు కనబడరు. నా అనుభవంలో ఈ స్థలాలను పాడుచేసేవారిలో మోసగాళ్లకంటే ఇలాంటి తొందరగాళ్లే చాలా ఎక్కువ. మోసగాళ్లు లేరని కాదు. తాతగారి పేరిట తీసుకున్న వికలాంగుల పార్కింగ్ కార్డును, తాతగారిని ఇంట్లో వదిలి, కారు అద్దం దగ్గర పెట్టుకుని తిరిగేవారిని నేనెరుగుదును. బ్రిటన్‌లో బ్లూ బ్యాడ్జ్ అనే ఇలాంటి కార్డును మనిషికి ఇస్తారు గాని బండికి ఇవ్వరు. ఆ మనిషి ప్రయాణంలో లేనప్పుడు కార్డుకు విలువ లేదు. ఎక్కడైనా అలాగే ఉండాలి.

అయితే దీనికి మరో వైపు కూడా ఉంది. కార్డు ఉన్న కారులోంచి ఎవరైనా హాయిగా నడుచుకుంటూ దిగితే, వెంటనే నిలదీయడానికి బయలుదేరే ధర్మరక్షకులు కొందరుంటారు. గుర్తుపలకల మీది వీల్‌చైర్ బొమ్మను 1968లో సుసాన్ కోఫోడ్ అనే డెన్మార్క్ విద్యార్థిని గీసింది. ఆ బొమ్మ ఎంత బాగా కుదిరిందంటే, వీల్‌చైర్ లేనివారికి ఆ స్థలంతో పనిలేదని జనం మనసులో పాతుకుపోయింది. గుండె బలహీనమైనవారు, మూర్ఛలున్నవారు, కృత్రిమ కాలు ప్యాంటు కింద దాగినవారు పైకి మామూలుగానే కనిపిస్తారు. లోపలికి నడిచి వెళ్లగలిగినవారు తిరిగి కారుదాకా నడవలేని స్థితిలో రావచ్చు. ఇంగ్లండులో 2019 ఆగస్టు 30 నుంచి పైకి కనబడని వైకల్యాలున్నవారికి కూడా బ్లూ బ్యాడ్జ్ ఇవ్వడం మొదలుపెట్టారు. కార్డు ఉందా లేదా అన్నది చూడవలసింది అక్కడి సిబ్బంది, లేకపోతే వారికి చెప్పండి, అంతేగాని రోగమేమిటని దారిన పోయేవారెవరూ అడగకూడదు.

పిల్లల తల్లిదండ్రుల స్థలాల సంగతి కొంచెం వేరు. ఇవి ఎక్కువచోట్ల దుకాణాలు మర్యాదకొద్దీ ఏర్పాటు చేసినవే, బ్రిటన్‌లోనైనా వీటికి వికలాంగుల స్థలాలకున్న చట్టబలం లేదు. ఇక్కడా అసలు విషయం తలుపే. పసిబిడ్డను సీటుతో సహా పక్కకు వంగి బయటికి తీయాలంటే తలుపు బార్లా తెరుచుకోవాలి. తన తలుపు తానే తెరుచుకుని, పక్క కారుకు తగలకుండా దిగగల పిల్లవాడు ఉన్నంత మాత్రాన ఆ స్థలం మీది కాదు; వెనక ఖాళీ బేబీ సీటు ఉన్నంత మాత్రాన అసలే కాదు. వికలాంగుల స్థలాలన్నీ నిండినప్పుడు వెడల్పు అవసరమైన వీల్‌చైర్ మనిషి పిల్లల స్థలంలో ఆపితే నేను తప్పుపట్టను, కాని పిల్లలున్నారని వికలాంగుల స్థలంలో ఆపడం ఒప్పుకోను. అలాంటప్పుడు తల్లిదండ్రులు వరుస చివర, ఒక పక్కన మరో కారు రావడానికి వీల్లేని చోటు వెతుక్కోవడం మేలు, కాస్త దూరమైనా తలుపు తెరుచుకుంటుంది.

మూసే వేళ గురించి అడిగారు. మా అక్క బజారుకు బయలుదేరేది సాధారణంగా ఆ వేళకే, ఎందుకంటే జనం పలచబడితే లోపల వీల్‌చైర్ తిప్పుకోవడానికి దారి దొరుకుతుంది, లిఫ్టు దగ్గర వరుస ఉండదు. మీకు ఖాళీగా కనిపించే ఆ గంటలోనే ఆమె వస్తోంది.