మూడో లైను వస్తే గూడ్సు బండ్ల వల్ల ఊరికి జరిగే నష్టం ఎంత?

కాజీపేట–బల్హార్షా మార్గంలో మూడో లైను వల్ల గూడ్సు బండ్లు పెరిగితే కాలుష్యం ఎంత ఉంటుందని మీరు అడిగారు. నేను పెద్దపల్లి జిల్లాలో అదే మార్గం పక్కన ఉంటున్నాను కనుక చూసినది చెబుతాను.

పట్టాల మీద సాగిపోయే బండి వల్ల మీరు భయపడుతున్నంత నష్టం లేదు. ఇది విద్యుదీకరించిన మార్గం కనుక ఇంజను పొగ ఉండదు. పైగా ఒక్క బొగ్గు రేకు, అంటే ఒక పూర్తి గూడ్సు బండి, మోసే దాదాపు 4,000 టన్నులను రోడ్డెక్కిస్తే వందకు పైగా లారీలు కావాలి. రాత్రిపూట హారన్ మాత్రం ఇబ్బందే. నివాస ప్రాంతాల్లో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నా, పట్టాల పక్క ఇళ్లలో ఆ మాట ఎవరూ ఎత్తరు.

అసలు బాధ సైడింగు దగ్గర, అంటే వ్యాగన్లలో బొగ్గు నింపే పక్క పట్టాల దగ్గర ఉంటుంది. ఎండాకాలంలో గాలి మా వైపు తిరిగిందంటే, ఆరేసిన పంచెను దులిపితే నల్లటి నుసి రాలుతుంది, మూత లేని నీళ్ల డ్రమ్ములో తెట్టు కడుతుంది. నీళ్లు చల్లే గొట్టాలు అక్కడ లేకపోలేదు, తనిఖీ ఉన్న రోజున చక్కగా పనిచేస్తాయి కూడా.

రెండోది అండర్ బ్రిడ్జి. రైల్వే గేటు తీసేసి పట్టాల కింద నుంచి దారి వేస్తే నిరీక్షణ తప్పుతుందని అందరం సంతోషించాం. తీరా వానాకాలంలో అందులో మోకాలి లోతు నీరు నిలుస్తోంది, గడ్డి వేసుకున్న ట్రాక్టరుకూ వరికోత యంత్రానికీ ఎత్తు చాలక, అవతలి పొలాలకు చాలా దూరం చుట్టి వెళ్లవలసి వస్తోంది.

2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో రైలు మార్గాలు లేవు కనుక, గనులకు జరిపినట్టు దీనికి ప్రజాభిప్రాయ సేకరణ జరగదు. అటవీ భూమి ఉంటే దాని అనుమతి మాత్రం వేరుగా తీసుకోవాలి. రైల్వే చట్టం కింద భూసేకరణ ప్రకటన వెలువడితే 30 రోజుల్లో అభ్యంతరం చెప్పవచ్చు గానీ, ఆ హక్కు ఆ భూమితో సంబంధం ఉన్నవారికే. మిగతా ఊరివారు గ్రామసభ తీర్మానం చేసి, అండర్ బ్రిడ్జి నమూనా ఖరారు కాకముందే రైల్వే సికింద్రాబాద్ డివిజన్ కార్యాలయానికి పంపాలి. అండర్ బ్రిడ్జి ఎత్తు ఎంత, నీరు తోడే పంపు ఉంటుందా, దాని కరెంటు బిల్లు రైల్వేదా పంచాయతీదా అన్నవి అందులో తప్పక రాయించండి. మా పంచాయతీ ఆ చివరి ప్రశ్న అడగనే లేదు.