జిప్సీకి 31 అంగుళాల టైర్లు: ముందు యాక్సిల్ తట్టుకుంటుందా?

ప్రశ్న: మాది 2011 మోడల్ మారుతి జిప్సీ కింగ్. నెలకు రెండుసార్లు మారేడుమిల్లి వైపు మట్టిదారుల్లో, వాగుల్లో తిరుగుతాం. 31 అంగుళాల టైర్లు వేయాలనుంది. ముందు యాక్సిల్ ఆగదు, పాత జీపు యాక్సిల్ ఎక్కించుకోండి అని గ్యారేజీలో అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: జీపు యాక్సిల్ సంగతి తర్వాత చూద్దాం. కంపెనీ ఇచ్చిన 205/70 ఆర్15 టైరు ఎత్తు 26 అంగుళాల పైచిలుకు. 31 వేస్తే యాక్సిల్ కింద మీకు కలిసొచ్చేది రెండున్నర అంగుళాల లోపే. అదే గట్టు ఎక్కడానికి యాక్సిల్ మీద పడే మెలి (టార్క్) మాత్రం ఆరో వంతుకు పైగా పెరుగుతుంది. మీటరులో 60 ఉంటే బండి 70 మీద ఉంటుంది. 1,298 సీసీ ఇంజను ఇంత టైరును తిప్పాలంటే మీరు క్లచ్ సగం నొక్కిపెట్టి రేజ్ చేయాల్సిందే. ఆ కుదుపంతా వెళ్లి పడేది ముందు చక్రం దగ్గరున్న జాయింటు మీద. బర్‌ఫీల్డ్ అంటారు, ఆరు గోళీలుండేది. చక్రం పక్కకు తిరిగినా దానికి ఇంజను బలం అందించేది ఇదే.

ఆటోనగర్‌లో నా షెడ్డుకు ఒకసారి కొత్తగా 31 టైర్లేసిన జిప్సీని తాడు కట్టి లాక్కొచ్చారు. వాగులో రాళ్ల మధ్య ఇరుక్కుంటే స్టీరింగ్ పూర్తిగా కుడికి తిప్పి, డ్రైవరు రివర్స్ వేసి యాక్సిలరేటర్ తొక్కాడట. టక్కుమని ఒక్కటే చప్పుడు. విప్పి చూస్తే జాయింటు గిన్నె ఎండిన పత్తికాయలా విచ్చుకుని ఉంది. నాలుగు గోళీలు చేతికొచ్చాయి, రెండు నకిల్ (జాయింటును కప్పి, స్టీరింగ్‌తో పాటు తిరిగే దిమ్మ) అడుగున దొరికాయి. నన్ను ఆపింది మాత్రం లోపలి గ్రీజు. గ్రీజెక్కడిది, రాగిజావ! లోపలి ఆయిల్ సీల్ పోయి డిఫరెన్షియల్ (యాక్సిల్ మీదున్న గేర్ల డబ్బా) ఆయిల్ నకిల్‌లోకి దిగి, గ్రీజును కడిగేసింది. అలాంటి జాయింటు పాత టైర్లతోనూ ఎన్నాళ్లో ఉండేది కాదు.

అందుకే ముందు రెండు వైపులా సీళ్లు, కింగ్‌పిన్ (నకిల్ తిరిగే ఇరుసు) బేరింగులు మార్చండి. బేరింగులు వదులైతే పెద్ద టైరుతో స్టీరింగ్ చేతుల్లో నిలవదు. టై రాడ్, యాక్సిల్ షాఫ్టు తీసేసి, నకిల్ చేతికి చేపల బజారులో వాడే స్ప్రింగు త్రాసు కొక్కెం తగిలించి లాగండి. నకిల్ కదలడం మొదలయ్యే బరువు సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదానికి సరిపోవాలి. తేలిగ్గా కదిలితే ఒక షిమ్ (సందులో పెట్టే పల్చటి రేకు) తీయాలి. కళ్లు మూసుకుని బిగించే మెకానిక్ దగ్గర ఈ పని చేయించకండి.

తర్వాత గేరింగ్. డిఫరెన్షియల్‌లో ఉండే పళ్ల చక్రాల జత, అంటే క్రౌన్ పినియన్, మారిస్తే ముందూ వెనకా ఒకే నిష్పత్తి ఉండాలి, అంటే రెండు డిఫరెన్షియళ్లు విప్పాలి. జిప్సీకి ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్లకు బలం పంచే డబ్బా) గేర్‌బాక్సుకు విడిగా ఉంటుంది కాబట్టి అందులో తక్కువ స్పీడు గేర్లు వేయించుకుంటే సరి, క్రౌన్ల జోలికి పోనక్కర్లేదు. నా ఓటు దీనికే. అయితే లో గేరులో జాయింటు మీద మెలి ఇంకా పెరుగుతుంది.

క్రోమోలీ (మామూలుకన్నా గట్టి ఉక్కు) జాయింటు వేయమంటారా అని అడుగుతారు. వేయొచ్చు. కానీ జాయింటు గట్టిదైతే తర్వాత పళ్లు రాలేది క్రౌన్‌కే, అది అడవిలో మార్చే పని కాదు. నేనైతే మామూలు జాయింటే ఉంచి, ఒకటి స్పేర్‌గా టూల్ బాక్సులో పడేస్తాను. స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద పెట్టను.

ఇక జీపు యాక్సిల్. దాని క్రౌన్ నిష్పత్తి మీ వెనక యాక్సిల్‌తో కలవకపోతే ఫోర్ వీల్ వేసిన క్షణం నుంచి రెండూ ఒకదాన్నొకటి లాక్కుంటాయి. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది. కంపెనీ లెక్కకు భిన్నంగా బండి మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. 31 టైర్లకూ ఈ చిక్కు ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లను ముందే అడగండి.

నన్నడిగితే 235/75 ఆర్15 చాలు. దాదాపు 29 అంగుళాలు. మారేడుమిల్లికి అంతకు మించి ఎందుకండీ? ఈలోగా ఒక పని చేయండి. ముందు చక్రం వెనక నకిల్ గుండు మీద వేలితో తుడిచి చూడండి. అంటుకున్నది గ్రీజో, జావో నాకు రాయండి.