టెక్ సందేహాలు: డబ్బా మీద రాసిన స్టాల్ అంకెను నమ్మవచ్చా?

ప్రశ్న: నా డ్రాగ్ రేస్ కారులో టర్బోగానీ నైట్రస్‌గానీ లేని వీ8 ఇంజన్, మూడు గేర్ల టీహెచ్400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నాయి. ఇంజన్ బలాన్ని కొలిచే డైనో యంత్రం మీద పరీక్షిస్తే గరిష్ఠ టార్క్ (తిప్పే బలం) 4,800 ఆర్‌పీఎం దగ్గర వచ్చింది. 7,000 దగ్గర గేరు మారుస్తాను. ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ కోసం వెతికితే 3,500 స్టాల్ నుంచి 6,000 స్టాల్ వరకు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: డైనో లెక్క చేతిలో పెట్టుకుని అడిగారు కాబట్టి సగం పని అయినట్టే. మిగతా సగంలో ముందుగా తొలగించుకోవలసిన అపోహ ఒకటుంది. స్టాల్ స్పీడ్, అంటే కారు కదలకుండా పట్టి ఉంచితే ఇంజన్ చేరగలిగే గరిష్ఠ ఆర్‌పీఎం, కన్వర్టర్ ఒక్కదానికే చెందిన అంకె కాదు.

కన్వర్టర్‌లో ఇంజన్‌తో పాటు తిరిగే పంపు, గేర్‌బాక్స్ షాఫ్ట్‌ను తిప్పే టర్బైన్, ఆ రెండింటి మధ్య ఆయిల్ దారి మళ్లించే స్టేటర్ ఉంటాయి. టర్బైన్ కదలకుండా ఆపి యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కామనుకుందాం. ఆయిల్‌ను తోయడానికి పంపుకు కావలసిన టార్క్ ఆర్‌పీఎం వర్గానికి అనులోమంగా పెరుగుతూ పోతుంది. ఒకచోట అది ఇంజన్ ఇవ్వగలిగిన టార్క్‌తో సమానమవుతుంది. ఇంజన్ ఇక అంతకు మించి తిరగలేదు. అదే స్టాల్. అందువల్ల ఇంజన్ మారితే అంకె కూడా మారుతుంది. 300 పౌండ్-అడుగుల టార్క్‌కు 3,000 ఆర్‌పీఎం దగ్గర నిలిచే కన్వర్టర్‌ను, 600 పౌండ్-అడుగులు ఇచ్చే ఇంజన్‌కు బిగిస్తే దాదాపు 4,240 దగ్గర నిలుస్తుంది. టార్క్ రెండింతలైతే స్టాల్ 1.41 రెట్లు పెరుగుతుందన్నమాట. కారు బరువు, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందు ఉండే చివరి గేర్ల జత) కూడా ఇందులో వేలు పెడతాయి. అదే కన్వర్టర్ బరువైన కారులో కాస్త ఎక్కువ చూపిస్తుంది. తేలికైన కారులోనూ, ఫైనల్ డ్రైవ్ నిష్పత్తి పెద్దదైన కారులోనూ చక్రాలు త్వరగా కదిలిపోతాయి కాబట్టి కాస్త తక్కువ చూపిస్తుంది.

డబ్బా మీద 4,500 అని ఉంటే, ఎంత టార్క్‌కు 4,500 అని అడగండి. జవాబు చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనవద్దు. మంచి తయారీదారు అయితే మీరు అడగక ముందే టార్క్ గ్రాఫు, కామ్‌షాఫ్ట్ వివరాలు, బరువు, టైరు వ్యాసం, గేర్ల నిష్పత్తులు అడుగుతాడు.

ఇక మీ కారు సంగతి. స్టార్టింగ్ లైన్ దగ్గర ఇంజన్ ఒక్కసారిగా టార్క్ శిఖరానికి చేరాలి, లేదా దాన్ని కొంచెం దాటాలి. ఆ లెక్కన మీ ఇంజన్‌తో 5,000 నుంచి 5,300 మధ్య నిలిచే కన్వర్టర్ సరిపోతుందని నా అభిప్రాయం. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను మాత్రం గేరు మారే క్షణాన్ని కూడా అంతే శ్రద్ధగా చూడమంటాను. టీహెచ్400లో మొదటి గేరు 2.48, రెండోది 1.48. 7,000 దగ్గర మార్చినప్పుడు కన్వర్టర్‌లో జారుడే లేకపోతే, అంటే పంపు, టర్బైన్ ఒకే వేగంతో తిరిగితే, ఇంజన్ దాదాపు 4,180కి పడిపోవాలి. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు 4,730కి. రెండూ మీ టార్క్ శిఖరానికి దిగువనే ఉన్నాయి. సరైన కన్వర్టర్ ఆ క్షణంలో కొంత జారి, ఇంజన్‌ను 5,000కు పైనే నిలబెడుతుంది. 3,500 స్టాల్ కన్వర్టర్ ఆ పని చేయలేదు. బయలుదేరేటప్పుడు ఒకసారి, గేరు మారిన ప్రతిసారీ మరోసారి ఇంజన్ నీరసపడుతుంది. రెండు గేర్ల పవర్‌గ్లైడ్ ఉన్నవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ. మొదటి గేరు 1.76 అయితే 7,000 నుంచి 3,980కి దిగాలి.

మరి 6,000 స్టాల్ అయితే ఇంకా మంచిది కదా అంటారేమో. కాదు. ఇంజన్ టార్క్ శిఖరాన్ని దాటి, బలం తగ్గుతున్న చోట మొదలవుతుంది. ముగింపు గీత దగ్గర కూడా కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. జారిన శక్తి ఎక్కడికీ పోదు, ఆయిల్‌లో వేడిగా మిగులుతుంది. కూలర్ చిన్నదైతే గేర్‌బాక్స్‌కే ముప్పు.

ప్రశ్న: 4,500 స్టాల్ అని కొన్న కన్వర్టర్ బ్రేకు తొక్కి పరీక్షిస్తే 3,200 దగ్గరే ఆగింది. మోసపోయానా?

జవాబు: అంత తొందరపడి తేల్చవద్దు. వెనుక బ్రేకులు చక్రాలను పట్టి ఉంచగలిగినంత వరకే ఆ పరీక్ష చెల్లుతుంది. ఇంజన్ బ్రేకులను ఓడించి చక్రాలు తిరగడం మొదలైతే మీరు కొలిచింది బ్రేకుల బలమే. ఫ్లాష్ స్టాల్ చూడండి. ఖాళీ ట్రాక్ మీద, చక్రాలు స్పిన్ కాకుండా, ఐడిల్ నుంచి ఒక్క ఊపులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పరుగులోని కొలతలను నమోదు చేసే డేటా లాగర్‌లో ఆర్‌పీఎం గీతను చూడండి. గీత నిట్టనిలువుగా లేచి, ఒకచోట వంగి, అక్కడి నుంచి నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ వంపు దగ్గరి అంకె మీకు కావలసినది. గేర్‌బాక్స్‌ను లోపలే బిగించి పట్టే ట్రాన్స్‌బ్రేక్ ఉంటే అసలైన స్టాల్ నేరుగా తెలుస్తుంది. ఏ పద్ధతిలోనైనా రెండు మూడు సెకన్లకు మించి పట్టి ఉంచకండి. కారు ముందు ఎవరినీ నిలబడనివ్వకండి.

ప్రశ్న: కన్వర్టర్ మరీ వదులుగా ఉందో (అతిగా జారుతోందో) లేదో లాగర్ సాఫ్ట్‌వేర్ సాయంతో కనుక్కోవచ్చా?

జవాబు: తప్పకుండా. గంటకు మైళ్లలో వేగాన్ని ఫైనల్ డ్రైవ్ నిష్పత్తితో, ఆపైన 336తో గుణించి, టైరు వ్యాసం ఎన్ని అంగుళాలో దానితో భాగించండి. 28 అంగుళాల టైరు, 4.10 ఫైనల్ డ్రైవ్, 120 మైళ్ల వేగం అయితే డ్రైవ్ షాఫ్ట్ 5,904 ఆర్‌పీఎంలో తిరగాలి. టాప్ గేరు నిష్పత్తి 1.00 అయి, అప్పుడు ఇంజన్ 6,400లో ఉంటే జారుడు 7.75 శాతం. ఇది ఫరవాలేదు. పది శాతం దాటితే మాత్రం తయారీదారుతో మాట్లాడండి. స్లిక్ టైర్లు వేగంలో ఉబ్బుతాయి కాబట్టి నిజమైన జారుడు ఈ లెక్క కంటే ఎక్కువే ఉంటుంది. పైగా పరుగు తర్వాత ట్రాక్ వాళ్లు ఇచ్చే టికెట్ మీద వచ్చే వేగం చివరి 66 అడుగుల సగటు. డ్రైవ్ షాఫ్ట్ సెన్సర్ పెట్టి, ఇంజన్ ఆర్‌పీఎం పక్కనే మరో గీతగా చూసుకుంటే ఈ పేచీలేవీ ఉండవు. నా మాట వింటే, కొత్త కన్వర్టర్ కంటే ముందు ఆ సెన్సర్ కొనండి.

ప్రశ్న: ఇంజన్‌కు టర్బో బిగించబోతున్నాను. ఇప్పుడున్న 5,000 స్టాల్ కన్వర్టరే ఉంచవచ్చా?

జవాబు: ఉంచితే అది 5,000గా మిగలదు. టార్క్ 400 నుంచి 700 పౌండ్-అడుగులకు పెరిగిందనుకుంటే అదే కన్వర్టర్ 6,600 దరిదాపులకు చేరుతుంది. అలాగని మరీ బిగువైనది (తక్కువ స్టాల్ ఉన్నది) పెడితే, బూస్ట్ (టర్బో ఇచ్చే అదనపు గాలి ఒత్తిడి) లేనప్పుడు ఇంజన్ పైకి లేవదు. ఎగ్జాస్ట్ చాలక టర్బో తిరగదు, టర్బో తిరగక ఇంజన్ లేవదు. అందుకే తయారీదారుకు రెండు టార్క్ గ్రాఫులు పంపండి, బూస్ట్ లేకుండా ఒకటి, పూర్తి బూస్ట్‌తో ఒకటి. టర్బో సైజు కూడా చెప్పండి. విప్పి స్టేటర్ మార్చుకునే వీలున్న కన్వర్టర్ దొరికితే అదే తీసుకోండి. మొదటి పరుగుల డేటా చూశాక, కొత్తది కొనకుండానే స్టాల్‌ను సరిచేయించుకోవచ్చు.