ఒలివియే మెస్సియాన్ ఎవరు? ఆయన సంగీతంలో మన తాళాలు ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే. 1908లో ఫ్రాన్స్‌లోని అవిన్యోన్‌లో పుట్టిన స్వరకర్త మెస్సియాన్ పదకొండేళ్లకే పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో చేరారు. 1931 నుంచి చనిపోయేదాకా, అంటే 1992 వరకు, పారిస్‌లోని ట్రినిటీ చర్చిలో ఆర్గాన్ వాయించారు.

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకు పట్టుబడ్డారు. గోర్లిట్జ్ ఖైదీల శిబిరంలో ఉండగానే 'కాలాంతానికి చతుష్కం' అనే, నలుగురు వాయించే కృతిని పూర్తిచేశారు. వయొలిన్, చెల్లో, క్లారినెట్ వాయించినవాళ్లు కూడా ఖైదీలే. పియానో ముందు తానే కూర్చున్నారు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, తోటి ఖైదీలు, శిబిరం కాపలావాళ్లు మొదటి శ్రోతలు. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మీరడిగిన తాళాల సంగతి కూడా అందులోనే ఉంది. శార్ఙ్గదేవుడు రాసిన మన పాత సంగీత గ్రంథం 'సంగీత రత్నాకరం'లోని 120 దేశీ తాళాల పట్టికను ఆయన ఒక ఫ్రెంచ్ విజ్ఞానకోశంలో చూసి శ్రద్ధగా చదివారు. చతుష్కం మొదటి భాగంలో పియానో లయ రాగవర్ధన, చంద్రకళ, లక్ష్మీశ తాళాలను కలిపి అల్లిందే. 1949లో బోస్టన్‌లో తొలిసారి వాయించిన 'తురంగలీల' సింఫనీకి పేరే సంస్కృతం.

పిట్టల కూతలంటే ప్రాణం. అడవులకు వెళ్లి విని, స్వరాలు రాసుకునేవారు. తర్వాతి తరం స్వరకర్తలు బూలెజ్, స్టాక్‌హౌజెన్, క్సెనాకిస్ ఆయన దగ్గర చదువుకున్నవాళ్లే. కొత్తగా వినేవాళ్లు చతుష్కం చివరి భాగంతో మొదలుపెట్టండి: వయొలిన్, పియానో, అంతే.