“ఓటీపీ ఎవ్వరికీ చెప్పలేదు, మరి పైసలు ఎట్లా పోయాయి?”

ప్రశ్న: మాది హాలియా దగ్గర పల్లె. యాసంగి వడ్లు అమ్మిన డబ్బులు నాయిన ఖాతాలో పడ్డాయి. వారం తిరక్కుండానే మా పెద్దనాయిన కొడుకు వాట్సాప్ నుంచి ‘పీఎం కిసాన్ కేవైసీ’ అని ఒక ఫైలు వచ్చింది. నాయిన నొక్కాడు. తెల్లారేసరికి 64 వేలు లేవు. నాయిన ఎవరి ఫోనూ ఎత్తలేదు, ఓటీపీ ఎవ్వరికీ చెప్పలేదు. అన్నను అడిగితే నేనసలు పంపనే లేదంటున్నాడు. రెండిళ్ల మధ్య మాటల్లేవు. తప్పెవరిది?

జవాబు: తమ్ముడూ, ముందు మీ అన్నతో మాట కలుపు. అతను అబద్ధం ఆడుతున్నాడని నేననుకోను. మీ నాయిన కంటే ముందు అతనూ ఇలాంటిదే ఏదో నొక్కి ఉంటాడు. వాట్సాప్ దొంగ చేతికి చిక్కితే, మనిషి నిద్రపోతున్నా అతని పేరుతో, అతని ఫొటోతో ఊరందరికీ ఫైళ్లు పోతూనే ఉంటాయి. అతని ఫోనూ చూపించండి.

ఇక ఓటీపీ సంగతి. ఆ ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని మూడు ఇంగ్లిషు అక్షరాలు ఉండి ఉంటాయి. అంటే అది ఫారం కాదు, యాప్. నొక్కగానే ఫోను ఒకసారి ఆగి, ఇది తెలియని చోటి నుంచి వచ్చింది, పెట్టుకోవాలా అని అడుగుతుంది. ఆ తర్వాత మెసేజీలు చదవనిస్తావా అంటుంది. అడిగేది ఇంగ్లిషులో, పైగా రెండువేల కిస్తు ఆగిపోతుందేమోనన్న టెన్షన్. మీ నాయిన రెండింటికీ సరే అని ఉంటాడు. అంతే, బ్యాంకు నుంచి వచ్చే ఓటీపీ ఆయన జేబులోని ఫోనుకు వచ్చిన క్షణంలోనే దొంగకూ చేరుతుంది. ఇంక ఆయన నోటితో చెప్పాల్సిన పనేముంది?

నల్లగొండలో బ్యాంకు కౌంటర్ వెనక ముప్పై ఏళ్లు కూర్చున్నాను. ‘ఓటీపీ చెప్పొద్దు’ అని వచ్చినవాళ్లందరికీ చెప్పి పంపేదాన్ని. ఆ మాట ఇప్పుడు సగమే పనిచేస్తోంది. పోయిన శ్రావణంలో మా పక్కింటివాళ్ల నంబరు నుంచి పెళ్లి పత్రిక వచ్చింది. వాళ్లమ్మాయికి నిజంగానే సంబంధం కుదిరింది కాబట్టి అద్దాలు కూడా పెట్టుకోకుండా నొక్కేశాను. మనవరాలు ఫోను లాక్కుని, “అమ్మమ్మా, పెళ్లి పత్రికకు నీ మెసేజీలతో ఏం పని?” అంది. ముప్పై ఏళ్ల సర్వీసు ఆ ఒక్క ప్రశ్న ముందు చిన్నబోయింది. అందుకే మీ నాయినను ఒక్క మాట అనకు.

ఈపాటికి చేసి ఉండకపోతే ఇప్పుడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తుతూ ఉంటుంది. ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే అక్కడ ఆపిస్తారు. అలా ఆపించిన డబ్బును మన రాష్ట్రంలో లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు వెనక్కి ఇప్పిస్తున్నారు. ఆలస్యమైన కొద్దీ ఆపడానికి ఏమీ మిగలదు, అదే బాధ. ఫిర్యాదు నంబరు రాసుకుని బ్యాంకుకు వెళ్లి కాగితం మీద రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకో. 2017లో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, ఖాతాదారు తెలియజేశాక పోయే డబ్బుకు బ్యాంకుదే బాధ్యత. ఆ ముద్ర విలువ అదీ.

ఫోను సంగతి మరిచిపోకు. ముందు నెట్ ఆపు. ఇలాంటి యాప్ గుర్తు ఒక్కోసారి తెర మీద కనిపించదు, కాబట్టి ఫొటోలు దాచుకుని ఫోనును మొత్తం రీసెట్ చేయించడమే మేలు. పిన్నులు, పాస్‌వర్డులు వేరే ఫోను నుంచి మార్చండి. పీఎం కిసాన్ కేవైసీ మీసేవలో వేలిముద్రతో అయిపోతుంది, వాట్సాప్‌తో దానికి పనే లేదు.

ప్రశ్న: జడ్చర్లలో మా పై పోర్షన్ కిరాయికని ఆన్‌లైన్‌లో పెట్టాం. మిలిటరీ ఆఫీసరునంటూ ఒకాయన ముందు ఒక రూపాయి వేసి, తర్వాత క్యూఆర్ కోడ్ పంపి, ‘స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ పడుతుంది’ అన్నాడు. భయమేసి కొట్టలేదు. మంచి కిరాయి పోగొట్టుకున్నామా అని మావారు సణుగుతున్నారు.

జవాబు: మీ కిరాణా కొట్టాయన డబ్బు తీసుకోవడానికి ఎప్పుడైనా పిన్ కొట్టాడేమో మీవారిని అడగండమ్మా. కొట్టేది ఇచ్చేవాళ్లే. అయినా నీళ్లు వస్తాయా, బండి ఎక్కడ పెట్టుకోవాలి అని కూడా అడగకుండా అడ్వాన్స్ పంపే కిరాయిదారు జడ్చర్లలో ఎక్కడైనా ఉన్నాడా? ఆ నంబరు మీద టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైట్‌లో, మోసపు ఫోన్లు, మెసేజీల గురించి చెప్పే ‘చక్షు’ విభాగంలో ఫిర్యాదు చేయండి. గేటుకు టు-లెట్ బోర్డు మాత్రం అలాగే ఉంచండి.