చవక కరెంటు ఒక్కటే చాలదు

ప్రశ్న: పూడిమడకలో గ్రీన్ హైడ్రోజన్ (సౌర, పవన విద్యుత్తులతో నీటి నుంచి తీసే హైడ్రోజన్) కేంద్రానికి 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. సౌర విద్యుత్తు యూనిట్ రెండున్నర రూపాయలకే దొరుకుతోందని, కిలో హైడ్రోజన్‌కు సుమారు 55 యూనిట్లు చాలని చదివాను. ఆ లెక్కన కిలో 140 రూపాయలలోపే రావాలి కదా! రెట్టింపుకు పైగా అవుతుందని ఎందుకంటున్నారు? సముద్రపు నీటిని శుద్ధి చేసే ఖర్చు వల్లనా?
– ఒక పాఠకుడు, అచ్యుతాపురం

జవాబు: ముందు నీటి సంగతి చూద్దాం. కిలో హైడ్రోజన్‌కు రసాయనిక లెక్క ప్రకారం 9 లీటర్ల నీరు కావాలి. శుద్ధిలో పోయేదీ, యంత్రాలను చల్లబరచడానికి పట్టేదీ కలిపి 30 లీటర్లు అనుకున్నా, సముద్రపు నీటినే మంచినీరుగా మార్చి వాడినా, ఆ ఖర్చు కిలోకు రెండు మూడు రూపాయలను మించదు. అయితే ఆ నీరు ఎక్కడి నుంచి తెస్తారు, మిగిలిన ఉప్పునీటిని ఎక్కడ వదులుతారు అన్నవి ధరతో సంబంధం లేకుండా తీరప్రాంత ప్రజలు గట్టిగా అడగవలసిన ప్రశ్నలే.

అసలు భారం ఎలక్ట్రోలైజర్, అంటే కరెంటుతో నీటిని విడగొట్టి హైడ్రోజన్ తీసే యంత్రం, మీద పెట్టిన పెట్టుబడిది. ఒక మెగావాట్ ఎలక్ట్రోలైజర్‌ను అనుబంధ పరికరాలతో సహా నెలకొల్పడానికి, లెక్క కోసం, 8 కోట్ల రూపాయలు అయిందనుకుందాం. వడ్డీ, తరుగుదల కలిపి ఏడాదికి 12 శాతం చొప్పున 96 లక్షలు రాబట్టుకోవాలి. సౌర విద్యుత్తు ఒక్కదానితోనే నడిపితే, రాత్రులూ మబ్బు పట్టిన రోజులూ పోగా ఆ యంత్రం ఏడాదిలో నాలుగోవంతు కాలమే పూర్తి స్థాయిలో పనిచేసినట్లవుతుంది. అప్పుడు వచ్చేది సుమారు 40 వేల కిలోలు. అంటే కిలోకు 240 రూపాయలు పెట్టుబడికే పోతాయి. మీరు వేసిన 137 రూపాయల కరెంటు ఖర్చు దానికి కలిస్తే 377 అవుతుంది.

అదే యంత్రం ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే 1.59 లక్షల కిలోలు వస్తాయి కనుక పెట్టుబడి భారం కిలోకు 60 రూపాయలకు దిగుతుంది. కానీ రేయింబవళ్లు అందే హరిత విద్యుత్తు రెండున్నరకు రాదు. యూనిట్ 5 రూపాయలైతే కరెంటుకే 275 అయి, మొత్తం 335కు చేరుతుంది. సౌర, పవన విద్యుత్తులను కలిపి సగం కాలం నడిపి, యూనిట్ మూడున్నరకు తెచ్చుకోగలిగితే 312 దాకా వస్తుంది. కర్నూలు ప్రాంతంలోని పిన్నాపురంలో సౌర, పవన విద్యుత్తులకు 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజిని జోడించడం వెనుక ఉన్న ఆలోచన కూడా ఇటువంటిదే: ఎండలో మిగిలిన కరెంటుతో నీటిని పైకి ఎత్తి, చీకటిపడ్డాక దాన్ని కిందికి వదిలి విద్యుత్తు తీయడం. అందువల్ల ఈ పరిశ్రమలో యూనిట్ ధరతో సమానంగా యంత్రం నడిచే గంటలను పట్టించుకోవాలని నా గట్టి అభిప్రాయం.

2023లో ఆమోదం పొందిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ కింద ఉత్పత్తిదారుకు ఇచ్చే ప్రోత్సాహకం మొదటి ఏడాది కిలోకు గరిష్ఠంగా 50 రూపాయలు, తర్వాత 40, ఆపైన 30. పై లెక్కలతో పోల్చి చూస్తే ఇది ఊతమే గాని, సహజవాయువు హైడ్రోజన్‌తో ఉన్న ధర తేడా అంతటినీ పూడ్చేది కాదు. సహజవాయువు నుంచి తీసే హైడ్రోజన్ కిలోకు 9, 10 కిలోల కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతున్నా, ఆ నష్టానికి ధర కట్టని చోట అదే చవకగా కనిపిస్తుంది. ఈ తేడా రైతుకు అవసరమైన ఎరువుల దాకా వెళుతుంది. యూరియా వంటి ఎరువులకు మూలమైన అమ్మోనియా టన్నుకు సుమారు 178 కిలోల హైడ్రోజన్ పడుతుంది కనుక, కిలోకు 100 రూపాయలు తగ్గితే టన్ను అమ్మోనియా మీద దాదాపు 17,800 రూపాయలు తగ్గుతాయి.