దొరికిన ఎముక గురించే రాయి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

దండకోసారస్ అనే డైనోసార్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆ పేరు పట్టుకుని తెలుగులో రాయబోయావు, సంతోషం. కానీ రెండో పేరాకే అది టేకుచెట్ల చాటున పొంచి, ఎర్రటి కళ్ళతో గర్జించేసింది. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

అసలు ఆ పేరు దేని మీద నిలబడింది? ప్రాణహిత–గోదావరి లోయలోని కోటా రాతిపొరల్లో దొరికిన ఒక కటి ఎముక ముక్క మీద. అదీ విరిగిందే. 1982లో శిలాజాల శాస్త్రవేత్త పి. యాదగిరి దానికి ఈ పేరు పెట్టారు. మాంసాహార డైనోసార్ల వర్గానిదని చెప్పగలిగారు, అంతవరకే. వేరే జాతి అనడానికి ఆ ముక్క చాలదనేవాళ్ళూ ఉన్నారు. మరి నీకు కళ్ళు ఎక్కడ కనిపించాయమ్మా? టేకు, వెదురు పుట్టడానికి అప్పటికింకా కోట్ల ఏళ్ళుంది. పైగా "టి. రెక్స్ తమ్ముడు" అన్నావు. మనకూ టి. రెక్స్‌కూ మధ్య దూరం 6.6 కోట్ల ఏళ్ళు. టి. రెక్స్‌కూ దండకోసారస్‌కూ మధ్య 10 కోట్ల పైమాటే.

ఈ జబ్బు సంపాదకులు అంటించిందే. వయసులో ఉన్నప్పుడు, అదే కోటా పొరల్లో దొరికిన కోటాసారస్ అనే డైనోసార్ మీద రాసి ఓ వారపత్రికకిస్తే, "పోట్లాట లేదేంటండీ" అని తిప్పి పంపారు. అది ఆకులు మేసే జంతువు! అప్పుడు అద్దె బాకీ ఉంది, ఆ డబ్బు వస్తే గట్టెక్కేవాణ్ణి. అయినా పోట్లాట పెట్టలేదు. ఇప్పుడైతే ప్రతి హెడ్డింగూ "షాకింగ్"తోనే మొదలు.

హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్ళు. అక్కడి కోటాసారస్ అస్థిపంజరాన్ని ఆ జాతివే ఎన్నో జంతువుల ఎముకలు ఏరి కూర్చారు. తల దగ్గర నిలబడి చూడు. పళ్ళు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు, కాబట్టి ఆ తల ఊహించి చేసిందే. ఏది ఎముకో ఏది పూతో పాఠకుడికి తేల్చి చెప్పడమే మన పని. దొరకనిదాన్ని దొరకలేదని రాస్తే కథ చప్పబడదు, అక్కడే ఉత్కంఠ పుడుతుంది.

చివరి పేజీలో "మిగతా ఎముకల్ని ఏ ఏరు ఎటు ఈడ్చుకుపోయిందో" అని రాశావే, అది బాగుంది. దాన్ని మొదటికి తీసుకురా. విరిగిన కటి ఎముకను చూసి ఏ వర్గానిదో ఎలా పోల్చుకుంటారో కనుక్కుని ఓ పేజీ రాయి. గర్జన కొట్టెయ్. ఉగాదిలోపు పంపు, చదువుతాను.